నా వీపుకు కండ్లు లేవని ధ్రువపత్రం ఇప్పించుట గురించి

శ్రీయుత జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు, కొండగట్టు దిగువన గల ఊటకుంట గ్రామ కాపురస్థుడు, కీర్తిశేషులు ఎల్లయ్య కుమారుడు, డెబ్బై నాలుగేండ్ల అంతయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా వీపుకు కండ్లు లేవనియు, నాకు షేర్ల విషయంలో ఎట్టి జ్ఞానమూ లేదనియు సర్కారు ముద్రతో ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు గుమాస్తా గారు మంగళవారం నాడు నోటిమాటగా ఇచ్చిన ఉత్తర్వు: "అర్జీలు సోమవారం తీసుకుంటరు తాతా, ప్రజావాణికి రా."

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఏ బడిలోనూ చదువుకున్నవాడిని కాను. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేండ్లు పత్తి తూకం కాడ పని చేశాను. అక్కడ చాయ్‌పత్తి, శెనగపప్పు కట్టిచ్చిన పొట్లాలు విప్పి చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్ల లోకంలోని చాలా విషయాలు నాకు సగం వరకే తెలుసు. మిగతా సగం పక్కింటివాళ్ల పొట్లంలో పోయింది. ఈ అర్జీ భాష మాత్రం మిల్లు వారి కోర్టు కాగితాలు ఎత్తి రాసీ రాసీ అబ్బినది. తప్పులుంటే ఆ వకీలువి.

2. తమరు ఈ జిల్లాకు కొత్త గనుక మా ఊరి ఆనవాయితీ ఒకటి ముందుగా మనవి చేయవలసి ఉన్నది. మా దగ్గర పది ఇండ్లవాళ్లు కలిసి ఒక యాటను కొని కోసుకుంటారు. మాంసం మోదుగాకుల మీద పది పోగులుగా పెడతారు. ఎంత సమంగా పెట్టినా ఒక పోగులో కార్జం ఎక్కువ పడుతుంది, ఇంకొకదాంట్లో బొక్కలు, అంటే ఎముకలు, ఎక్కువ పడతాయి. అందుకని ఒక మనిషిని గోడ దిక్కు తిప్పి కూర్చోబెడతారు. కోసినవాడు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇదెవరికి?" అని అడుగుతాడు. గోడ దిక్కు ఉన్నవాడు ఏదో ఒక పేరు చెబుతాడు. చూడకుండా చెప్పాడు గనుక ఎవరూ ఏమీ అనుకోరు. అందరి పేర్లూ అయ్యాక మిగిలిన పోగు చెప్పినవాడిది.

దీనికి నియమం ఒక్కటే. చెప్పేవాడు మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే ఆ పంపకం చెల్లదు. పోగులన్నీ మళ్లీ ఒక్క కుప్ప చేయవలసిందే.

ముప్పై ఏండ్లుగా ఆ గోడ దిక్కు కూర్చునేది నేను. ఒక్కనాడూ తిరిగి చూడలేదు. ఊళ్లో నాకున్న ఆస్తి ఈ పేరే. నా భార్య లస్మవ్వ మాత్రం, "ముప్పై ఏండ్లల్ల ఒక్కపారన్న కార్జం పోగు మనకు మిగిలిందా? ఊరందరికి న్యాయం జేసె వీపు, ఇంటికి బొక్కలు దెస్తది" అని ఇప్పటికీ దెప్పుతుంది.

3. ఇక విద్యాసాగర్‌రావు సారు గురించి. సారు మా ఊరి పెద్ద భూముల ఇంటివాడు. కరీంనగర్‌లో ముప్పై నాలుగేండ్లు డిగ్రీ పిల్లలకు సంఖ్యాశాస్త్రం చెప్పాడు. ఆయన తెలివి ఎటువంటిదో ఒక్క నిదర్శనం. ఒకసారి ముగ్గురి ఇండ్లలో రేషన్ బియ్యం సంచులు చూసి, డీలర్ తరాజు కిలోకు నలభై గ్రాములు తప్పు చూపుతోందని అరుగు మీద కూర్చునే చెప్పాడు. తూనికల అధికారి వచ్చి చూస్తే నలభై రెండు గ్రాములు. ఊరంతా సారును మెచ్చుకుంటుంటే, సారు ఆ రెండు గ్రాములు ఎక్కడ పోయాయని నెల రోజులు పరేషాన్ అయ్యాడు. అటువంటి మనిషి.

4. కరోనా ఏడు సారు రిటైరై ఊరికి వచ్చాడు. అదే ఏడు వెంకటేశ్ అనే ఆయన దుబాయి పని పోయి, చేతిలో మంచి ఫోను, కొంచెం దాచుకున్న పైసలతో ఊళ్లో దిగాడు. ఇద్దరికీ పొద్దు పోవాలి. ఫోనులో షేర్లు కొనుడు అమ్ముడు మొదలైంది. పొద్దున తొమ్మిది కొట్టేసరికి సారు అరుగు మీద పది మంది. ఆ రోజుల్లో ఏది కొన్నా లేస్తున్నది. నిన్న మొన్నటిదాకా పత్తి చేలో మందు కొట్టినవాళ్లు కంపెనీల పేర్లు పిలగాండ్ల పేర్లలాగా పిలుస్తున్నారు.

సారుకు ఇది నచ్చలేదు. ఆయన మంచి కోరేవాడే. ఈ సంగతి తమరు మరువవద్దు. యాపిల్ పండు కింద పడితే ఎందుకు పడిందో లెక్క కట్టిన ఇంగ్లీషు దొర కూడా షేర్లలో మునిగి, ఆకాశంలో చుక్కల నడక లెక్క కట్టగలను గానీ మనుషుల పిచ్చిని లెక్క కట్టలేనని చెప్పుకున్నాడట. ఆ కథ సారే మాకు చెప్పాడు. చెప్పి, నన్ను పిలిచాడు.

"అంతయ్యా, గోడ దిక్కు కూసో."

"యాటేది సారూ?"

"యాట లేదు. చీటీలున్నయి. కంపెనీల పేర్లు రాసిన. నేను వేలు పెడ్త, నువ్వు మనిషి పేరు చెప్పు. ఎవరికి వచ్చిన కంపెనీ వాళ్లు కొనాలె. నేను నా లెక్కల తోటి వేరే ఐదు కంపెనీలు కొంట. రెండు నెలలకు చూద్దాం." అని అందరి దిక్కు తిరిగి, "బజారంత లేస్తున్నప్పుడు గోడ దిక్కు చూసి చెప్పినోడు గూడ పండితుడే అయితడు. అది మీకు చూపించాలెనని ఇదంత," అన్నాడు.

అది గురువారం. నేను కూర్చున్నాను. ఐదు పేర్లు చెప్పాను. లేచి, చాయ్ తాగి ఇంటికి పోయాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఇంత చిన్నగా జరిగింది.

5. రెండు నెలలకు ఐదు చీటీలూ లేచాయి. వెంకటేశ్‌కు వచ్చిన కంపెనీ మూడింతలైంది. సారు లెక్క కట్టి కొన్నవి కూడా లేచాయి గానీ, నావి ఎక్కువ లేచాయి. సారు మొదటిసారి పగలబడి నవ్వాడు. "చూసిండ్రా, దీన్నే యాదృచ్ఛికం అంటరు," అన్నాడు. ఎవరూ వినలేదు. వెంకటేశ్ నా వీపు మీద చేయి వేసి కండ్లకు అద్దుకున్నాడు. రెండోసారి కూడా నావే ఎక్కువ లేచాయి. సారు నవ్వలేదు. మూడోసారికి నన్ను లోపలికి పిలిచి, ఆయన కుర్చీ పక్క కుర్చీ వేసి, చాయ్ ఇచ్చాడు. ఆ చాయ్ చూడగానే నాకు భయమైంది.

"అంతయ్యా, ఇరవై మూడు చీటీలల్ల పందొమ్మిది లేచినయి. ముప్పై నాలుగేండ్లు నేను పిల్లలకు చెప్పిన లెక్క ప్రకారం ఇది ఉత్తగ జరగది."

"అందరివి లేస్తున్నయి గద సారూ. మీరే చెప్పితిరి."

"చెప్పిన. కని నీయి ఎక్కువ లేస్తున్నయి. ఎందుకు?"

"నాకేమెరుక సారూ? నేను గోడ జూస్తున్న."

"అదే, అంతయ్యా. అదే," అని సారు నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

ఆ రోజు నుండి సారు తన లెక్కలు మానేశాడు. ఆయన పెన్షన్ నా వీపు మీదికి వచ్చింది. తర్వాత కాలువ కింది రెండెకరాలు వచ్చాయి.

6. ఇక్కడ అంబదాస్ సంగతి మనవి చేయకుంటే నాకు నిద్ర పట్టదు. తమకు తీరిక లేకపోతే ఈ అంశం దాటి ఏడో అంశానికి పోవచ్చును. అంబదాస్ మా మిల్లులో పత్తి చూసేవాడు. పిడికెడు పత్తి పట్టుకుని ఇంత తేమ ఉన్నదని చెబితే, తర్వాత వచ్చిన మీటరు కూడా అదే చెప్పేది. మరాఠీలో లెక్కలు, తెలుగులో తిట్లు. పందొమ్మిది వందల తొంభై రెండులో షేర్లు ఆకాశంలో ఉన్నప్పుడు అంబదాస్ కూడా కొన్నాడు. ఏ కంపెనీ కొన్నావని అడిగితే, "పత్తి మిల్లుయి గాదు బాబా, సిమెంటుయి" అన్నాడు. పత్తివి ఎందుకు కొనలేదంటే, "పత్తి గురించి నాకు ఎరుక గద, అందుకే భయం" అన్నాడు.

ఎరుక ఉన్నచోట మనిషి భయపడతాడు. ఎరుక లేనిచోట ధైర్యంగా పోతాడు. ఎరుక ఎక్కువున్నవాడు ఇంకా ధైర్యంగా పోతాడు, ఎందుకంటే ఒకచోట పనిచేసిన తెలివి అన్నిచోట్లా పనిచేస్తుందని వాడి నమ్మకం. బజారు పడ్డాక అంబదాస్ ఇల్లు అమ్మి, తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉన్నాడు. ఆఖరుసారి చూసినప్పుడు నా అంగీ పట్టి చూసి, "ఇందుల పాలిస్టర్ కలిసింది, మోసపోయినవ్ అంతయ్యా" అన్నాడు. నిజమే కలిసింది. ఆయన వేళ్లు అప్పటికీ తప్పు చెప్పలేదు.

7. నిరుడు దసరా వెళ్లినప్పటి నుండి చిన్న కంపెనీలన్నీ పడుడు మొదలైంది. పడితే పడింది, అందరూ నన్ను తిట్టి వదిలేస్తారని సంతోషపడ్డాను. అట్లా జరగలేదు. వీపు తప్పు చెప్పదు, కూర్చునుడులోనే ఏదో తేడా వచ్చిందన్నారు. మొదటి వారం నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నందుకు పడిందని కట్టె పీట తెచ్చారు. తర్వాత గోడకు కొత్తగా సున్నం వేసినందుకు పడిందని సున్నం గీకించారు. ఒకసారి నేను పేరు చెప్పబోయి దగ్గాను. ఆ దగ్గుకు ఎవరి పైసలు ఎన్ని పోయాయో వెంకటేశ్ నాకు ఇంటికి వచ్చి చెప్పాడు. మొదటిరోజు వేసుకున్న నీలి గళ్ల అంగీనే ప్రతి గురువారం వేసుకోవాలి. దానికి మోచేతి దగ్గర చినిగింది. కుట్టించవద్దన్నారు.

దీనికి తోడు నా రెండు కండ్లకూ పొర వచ్చింది. డాక్టరు ఆపరేషన్‌కు రమ్మన్నాడు. సారు వద్దన్నాడు. "ముందు చూపు తగ్గితేనే వెనక చూపు పెరుగుతది అంతయ్యా. జర ఆగు, బజారు తిరగనీ," అన్నాడు. ముప్పై నాలుగేండ్లు చదువు చెప్పిన నోటితో అన్నాడు. మోకాలి నొప్పికి మొక్కు ఉండి ఒక మంగళవారం కొండగట్టు పోయి వస్తే, నేను ఊరు విడిచి పోయానని ఇద్దరు ఉన్నదంతా అమ్ముకున్నారు.

8. చెప్పను పొమ్మంటే కాదా అని తమకు అనిపించవచ్చును. ఒక గురువారం నోరు తెరవకుండా కూర్చున్నాను. సారు "ఇదెవరికి?" అన్నాడు. నేను గోడను చూస్తున్నాను. "ఇదెవరికి అంతయ్యా?" అన్నాడు. నేను గోడనే చూస్తున్నాను. వెనకాల గుసగుసలు. వీపు మాట్లాడుత లేదంటే అమ్ముమని అర్థం అని వెంకటేశ్ తేల్చాడు. అమ్మారు. మర్నాడు బజారు కొంచెం లేచింది. సాయంత్రం ఆరుగురు నా ఇంటి ముందుకు వచ్చి, అంత పెద్ద సంగతి మాటతో చెప్పకుండా ఊరుకుంటే ఎట్లని అడిగారు. అందుచేత, అయ్యా, నేను చెబితే నష్టం, చెప్పకుంటే నష్టం, దగ్గితే నష్టం. నాకేమీ తెలియదని చెబితే, "తెలిసినోళ్లు గట్లనే అంటరు" అని దండం పెడుతున్నారు.

ఒకనాడు సారు భార్య లీలాబాయి అమ్మ నన్ను పెరటి దిక్కుకు పిలిచింది. ఆమె ఆదిలాబాద్ దిక్కు మనిషి. మాట ఒర లేని కత్తి. "అంతయ్యా, నీ వీపు మీద మా రెండెకరాలున్నయి. జర దించు," అన్నది. ఎట్లా దించాలో నాకు తెలియలేదు. ఆమె నా చేతిలో రెండు అరటిపండ్లు పెట్టి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

9. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పై ఎనిమిది అంశాలూ ఈ తొమ్మిదో అంశం కోసం రాసినవే.

పోయిన నెల తమరు స్వహస్తాలతో మా ఊరి భూమవ్వ అనే బీడీ కార్మికురాలికి ఐదు లక్షల రూపాయల చెక్కు ఇచ్చారు. ఆమె భర్త సదానందం మస్కట్‌లో క్యాంపు గదిలో నిద్రలోనే పోయాడు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు సర్కారు ఇచ్చే సాయం అది. పేపరులో ఫోటో వచ్చింది. తమరు నవ్వుతున్నారు, ఆమె చెక్కును చూస్తోంది. ఆమె ఆ చెక్కును రాబోయే గురువారం నా వీపు మీద పెట్టబోతున్నది.

ఆదివారం వచ్చి చెప్పింది.

"మామా, నాకు గూడ ఒక చీటీ పెడ్తనన్నడు సారు. జర మంచిగ జూసి చెప్పు."

"నాకేం కనవడది బిడ్డా."

"కనవడకనే గద నిన్ను చెప్పుమంటున్నరు."

"పైసలన్ని పోతయి భూమవ్వా. సారుయే పోయినయి."

"సారుకు పోయినయంటె సారు లెక్కలు జేసిండు. నాకు లెక్కలు రావు. నాకెందుకు పోతయి?"

లస్మవ్వ లోపలి నుండి, "ఓ భూమవ్వా, ఈయన వీపును నమ్మి నేను ఏబై ఏండ్లు బతికిన, నన్ను జూసి నేర్చుకోవే" అని అరిచింది. భూమవ్వ నవ్వింది. నవ్వి, మెల్లగా అన్నది:

"ఆయన వీసా అప్పుకు పెడితె మా బిడ్డ వనజ సదువు ఆగుతది మామా. నర్సింగుల సీటు వచ్చింది, ఫీజు గట్టాలె. ఫీజుకు పెడితె అప్పోడు వాకిట్ల గూసుంటడు. రెండింటికి రావాలంటె రెండింతలు గావాలె. బీడీలు జేసి రెండింతలు జేసుడు ఈ జన్మల నాతోటి అయితదా? ఉన్నది నీ వీపొక్కటె."

అయ్యా, ఆమె తెలివితక్కువది కాదు. ఆమె చెప్పిన లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు. చివరన నా వీపు ఉన్నది, అదొక్కటే తప్పు.

10. ఊరకనే తమ దగ్గరికి రాలేదు. ముందు మీసేవకు పోయాను. కులం, ఆదాయం, నివాసం ఉన్నాయి గానీ తెలివి లేదన్న పత్రం కంప్యూటర్‌లో లేదన్నారు. నేను బతికే ఉన్నానని ప్రతి ఏడూ సర్కారుకు పత్రం ఇస్తున్నాను. ఎదురుగా నిలబడ్డా నమ్మకుండా పత్రం అడిగే సర్కారు, నాకు తెలివి లేదంటే మాత్రం నోటిమాట మీద ఎట్లా నమ్ముతున్నది? తర్వాత వికలాంగుల శిబిరానికి పోయాను. డాక్టరు గారు మంచివాడు. అంగీ విప్పించి, వీపు అంతా చూసి, వేలితో తట్టి, "చెమటకాయలున్నయి తాతా, పౌడర్ రాసుకో" అన్నాడు. కండ్లు లేవని రాసియ్యమంటే, ఉన్న అవయవం పని చేయకపోతే రాయడానికి గడి ఉన్నది గానీ, ఎన్నడూ లేనిదాన్ని లేదని రాయడానికి గడి లేదన్నాడు.

కావున తమరు ఈ కింది విధంగా ధ్రువపత్రం దయచేయించవలసిందిగా ప్రార్థన:

"ఊటకుంట వాసి అంతయ్యను ముందు, వెనుక పరీక్షించడమైనది. ముందు వైపు రెండు కండ్లు కలవు; వాటికి పొర కలదు. వెనుక వైపు ఏమియు లేదు. ఇతడు చెప్పినది కొన్నవారికి వచ్చిన లాభమునకు గానీ, నష్టమునకు గానీ ఇతని వీపు బాధ్యత వహించదు."

కింద తమ సంతకం, గుండ్రటి ముద్ర ఉంటే చాలు. ముద్ర ఎర్రగా పడితే ఇంకా మంచిది. మా ఊళ్లో ఎర్ర ముద్రకు విలువ ఎక్కువ. దాన్ని నేను వీపుకే కుట్టించుకుంటాను.

ప్రజావాణి సోమవారం, భూమవ్వ చెక్కు గురువారం. గురువారం సోమవారం కంటే ముందు వస్తుందని గుమాస్తా గారికి చెప్పి చూశాను. అది ప్రతి వారం జరిగేదే గదా అన్నారు. వారి తప్పు లేదు. ఇంతకంటే రాయుటకు కాగితం వెనుక వైపు మాత్రమే మిగిలి ఉన్నది, నాకు వెనుక వైపు మీద నమ్మకం పోయింది. చిత్తగించవలెను, వీలుంటే బుధవారం లోగానే చిత్తగించవలెను.

ఇట్లు,
గోడ దిక్కు మొహం పెట్టి కూర్చున్న తమ విధేయుడు,
అంతయ్య
(సంతకమే, వేలిముద్ర కాదు)

జతపరచినవి: ఆధార్ నకలు, పేపరులో పడిన చెక్కు ఫోటో, నా వీపు ఫోటోలు రెండు. స్టూడియో అతను "పాస్‌పోర్ట్ సైజా తాతా?" అని అడిగాడు. అవునన్నాను.

తా.క. (కాగితం వెనుక వైపు): అయ్యా, ఇది సోమవారం నాడు తమ కార్యాలయపు లైనులో నిలబడి రాస్తున్నాను. పైన రాసినది కొట్టివేయడానికి మనసు రాలేదు, ఇంకో కాగితం దొరకలేదు. గురువారం జరిగిపోయింది.

నీలి గళ్ల అంగీ వేసుకుని పీట మీద కూర్చున్నాను. వెనక ఎంతమంది ఉన్నారో ఊపిరిని బట్టి తెలుస్తున్నది. భూమవ్వ గాజులు కూడా వినిపించాయి. సారు చీటీలు పరిచాడు. "ఇదెవరికి?" అన్నాడు. నేను వెంకటేశ్ పేరు చెప్పాను. ఇంకొకటి. ఇంకొకటి. పేర్లు అయిపోతున్నాయి. ఇక భూమవ్వ పేరు తప్ప ఇంకో పేరు లేదు. "ఇదెవరికి అంతయ్యా?" అన్నాడు సారు.

నేను వెనక్కి తిరిగాను.

ముప్పై ఏండ్లలో మొదటిసారి. మెడ పట్టేసింది, పీట కూడా కిర్రుమన్నది. పొర పట్టిన కండ్లే గానీ అంత దగ్గర మనుషులు కనపడకుండా ఉండరు గదా. ఒక్కరు కూడా చీటీల దిక్కు చూడటం లేదు. అందరూ నా వీపు ఉన్నచోటు చూస్తున్నారు. అక్కడ ఇప్పుడు నా మొహం ఉన్నది. సారు కింద కూర్చుని ఒక చీటీ మీద వేలు పెట్టి ఉన్నాడు. ఆయన రెండు కండ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"సారూ, మీరు కండ్లెందుకు మూసుకున్నరు?"

సారు కండ్లు తెరవకుండానే అన్నాడు: "నేను చూసి వేలు పెడితె పడుతున్నయి అంతయ్యా. నా చూపు తాకొద్దని మూసుకుంటున్న."

"ఎప్పటి సంది?"

"ఏడాది అయితుంది."

భూమవ్వ నన్ను చూసింది, సారును చూసింది, మిగతావాళ్లను చూసింది.

"మరి చూసెటోళ్లెవరు మామా?" అన్నది.

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది. మేము పది మందిమి ఉన్నాము, ఒక సంఖ్యాశాస్త్రం సారు ఉన్నాడు, ఒక దుబాయి ఫోను ఉన్నది. ఆమె పాసుబుక్కును కొంగులో కట్టి, "ఫీజుకు ఆఖరి తారీకు రేపే. పోత మామా" అని చెప్పులు వేసుకుని పోయింది. శుక్రవారం వనజ ఫీజు కట్టింది. అప్పువాడు శనివారం వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. భూమవ్వ అతనికి మంచినీళ్లు ఇచ్చి, బీడీల చాట తెచ్చి అతని ఎదురుగానే కూర్చున్నది. ఇద్దరూ అట్లాగే కూర్చుని ఉన్నారు.

నా వీపు చెడిపోయిందని ఊళ్లో తీర్మానం అయింది. పంపకం చెల్లదు గనుక ఇంకో వీపు కోసం వెంకటేశ్ వెతుకుతున్నాడు. పొద్దున భూమవ్వనే అడిగాడట. "నాకు పని లేదా" అన్నదట. నా కంటి ఆపరేషన్ వచ్చే బుధవారం. ముప్పై ఏండ్ల నా పేరు పోయింది. లస్మవ్వ ఆ రాత్రి కోడికూర వండి కార్జం నాకే వేసింది.

కావున నాకు ధ్రువపత్రం అక్కర లేదు. కానీ సారు మిగిలిపోయాడు. శుక్రవారం నుండి ఆయనే నా పీట మీద గోడ దిక్కు కూర్చుని, "అంతయ్యా, నువ్వు వేలు పెట్టు, నేను చెప్త" అంటున్నాడు. నేను పెట్టడం లేదు. పెట్టకుండా అక్కడే కూర్చుంటున్నాను. లేచి పోవడానికి కాళ్లు రావు. ఆయన తప్ప నాకు ఇన్నేండ్లలో ఎవరూ పక్క కుర్చీ వేయలేదు.

నాకు బోర్డులు కనపడవని ఈరోజు కూడా ఆయనే తీసుకొచ్చాడు. లైనులో నా వెనక నిలబడ్డాడు. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున మన వంతు పన్నెండు నలభైకి వస్తుందని లెక్క కట్టి చెప్పాడు. తప్పదు, అప్పుడే వస్తుంది. ఈ లైనులో ప్రతివారూ ముందున్నవారి వీపు చూసుకుంటూనే నిలబడ్డారు. సారు మాత్రం ఇప్పటికి మూడుసార్లు నా భుజం తట్టి మెల్లగా అడిగాడు: "టోకెన్ నంబరెంత అంతయ్యా?"

చెప్పలేదు. పిడికిట్లో పట్టుకున్నాను. చెబితే గురువారం ఆ నంబరు పట్టుకుని ఏదో ఒకటి కొంటాడు. లీలాబాయి అమ్మకు ఇల్లొక్కటే మిగిలింది.

అందుచేత ఇప్పుడు తమకు నా మనవి ఒక్కటే. నా వంతు వచ్చినప్పుడు నంబరు పిలవవద్దు. దయచేసి పేరు పెట్టి పిలవండి. పలుకుతాను.